కుండెడు ఆకుకూర, గుప్పెడు మాంసం: ఇరాన్ వారి ఘోర్మే సబ్జీ

ఆకుకూరలు బాగా తినండి అని డాక్టరు చెప్పగానే అందరమూ తల వూపుతాము. ఇంటికి వెళ్ళి ఏం చేస్తాము? అయిదుగురున్న ఇంట్లో ఒక తోటకూర కట్టో, రెండు పాలకూర కట్టలో పప్పులో వేస్తాము. పప్పు పచ్చగా కనబడుతుంది. మనసుకు తృప్తిగా వుంటుంది. లెక్క వేసి చూడండి, మనిషి కడుపులోకి వెళ్ళిన ఆకు ఎంతో! ఇక కొత్తిమీర సంగతి చెప్పనక్కరలేదు. దాన్ని మనం కూర మీద చల్లే అలంకారంగానే చూస్తాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, రెండు వేల కాలరీల భోజనం చేసే మనిషి ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని వుంది. మన పప్పులో కట్ట ఆ లెక్కకు ఏ మూలకు వస్తుంది?

ఇరాన్ దేశంలో ఇంటి ఇల్లాలు ఆరుగురికి ఒక కూర వండాలంటే కిలో ఆకు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. అందులో మాంసం అరకిలో. ఆకు అలంకారం కాదు, ఆకే కూర. దాని పేరు ఘోర్మే సబ్జీ. ఆ దేశంలో ఎవరినైనా మీ ఇంటి వంటలలో గొప్పది ఏది అని అడగండి, పదిమందిలో చాలామంది ఈ పేరే చెబుతారు. శుక్రవారం సెలవునాడు, చుట్టాలు వచ్చిననాడు ఆ వాసన వీధి మొగ దాకా వస్తుంది. 1979 విప్లవం తరువాత అమెరికాకు, ఐరోపాకు వెళ్ళిపోయిన ఇరానీయులు పోగొట్టుకున్నవి ఎన్ని వున్నా ఈ కూరను మాత్రం వెంట తీసుకుపోయారు.

పచ్చి ఆకు వాసనకు మొహం తిప్పుకునేవాళ్ళు కూడా దీన్ని మరోసారి వడ్డించుకుంటారు. అందుకనే ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి మిమ్మల్ని వంటింట్లోకి తీసుకుపోతున్నాను. ఇందులో ఆరోగ్యమూ వుంది, అజాగ్రత్తగా వుంటే ప్రమాదమూ వుంది. రెండూ తెలిసే వండాలి.

పేరు కొత్త, చుట్టరికం పాతది

ఘోర్మే అన్న మాట మనకు తెలియనిది కాదు. మన కుర్మా అదే. వేయించడం అనే అర్థం వున్న తురుష్క మాట ఒకటి ఇరాన్‌లో ఘోర్మే అయింది, మన దేశానికి వచ్చి కుర్మా అయింది. పూర్వం ఇరాన్ పల్లెలలో చలికాలం కోసం మాంసాన్ని దాని కొవ్వులోనే వేయించి జాడీలలో దాచుకునేవారు. దాన్నీ ఘోర్మే అనే పిలిచేవారు. సబ్జీ అంటే పచ్చని ఆకు. హిందీలో ఆ మాట కూరగాయలన్నిటికీ వర్తించింది గాని, పారశీకంలో ఇప్పటికీ ఆకులకే చెల్లుతుంది.

మనకు ఈ మాటలు దారిన పోతూ అంటుకున్నవి కావు. 1591లో హైదరాబాదు వెలసినప్పుడు ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర పీష్వాగా వున్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. నిజాముల కొలువులో పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా పారశీకమే రాజభాష. మీ అమ్మమ్మ అన్నం వండిన డేగిసా కూడా పారశీకపు దేగ్ నుంచి వచ్చిందే. అయితే ఘోర్మే సబ్జీ మాత్రం ఇక్కడ స్థిరపడలేదు. మనకు మెంతికూర మాంసం వుంది, గోంగూర మాంసం వుంది. ఆకు, పులుపు, మాంసం కలిస్తే ఎంత బాగుంటుందో తెలుగువాడికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. కనుక ఈ కూర మీ నాలుకకు కొత్తగా వుంటుంది గాని పరాయిగా వుండదు.

ఇరానీయులలో ఒక నానుడి వుంది. ఎవరైనా ప్రభుత్వానికి ఎదురు మాట్లాడే రకం అయితే, కోరి ఆపద తెచ్చుకునే ఆలోచనలు చేస్తూ వుంటే, వాడి తల ఘోర్మే సబ్జీ వాసన వేస్తోంది అంటారు. మూత పెట్టినా దాగని వాసన అన్నమాట!

ఏమేమి కావాలి

ఆకులు నాలుగు. పార్స్‌లీ, కొత్తిమీర, తరే అనే సన్నని ఆకు, మెంతికూర. తరే మన ఉల్లికాడలకు దగ్గర చుట్టం. మన ఊళ్ళలో దొరకదు గనుక ఉల్లికాడల పచ్చని భాగం వాడండి. విదేశాలలో వున్నవాళ్ళు లీక్ ఆకును వాడుకోవచ్చు. పార్స్‌లీ చూడటానికి కొత్తిమీరలా వుంటుంది, వాసన వేరు. నగరాలలో పెద్ద దుకాణాలలో దొరుకుతోంది. పార్స్‌లీ లేదు గదా అని మొత్తం కొత్తిమీరతోనే కానిస్తే తినడానికి బాగానే వుంటుంది గాని అది మరో కూర అవుతుంది. సగమైనా పార్స్‌లీ పడాలి.

ఆరుగురికి, కాడలు తీసేసిన తరువాత తూకం ఇది: పార్స్‌లీ 400 గ్రాములు, ఉల్లికాడలు 300, కొత్తిమీర 200, మెంతికూర 100. మెంతికూర ఇంతకు మించరాదు. ఈ కూరకు ప్రత్యేకమైన వాసన తెచ్చేది మెంతి, చేదు చేసి పాడు చేసేదీ మెంతే. ఎండు మెంతికూర అయితే రెండు చెంచాలు చాలు. కొందరు పాలకూర కూడా వేస్తారు. నా సలహా వెయ్యవద్దనే. అది నీరు వదిలి కూరను ముద్ద చేస్తుంది. మూత్రపిండాలలో రాళ్ళున్నవారికి అసలే మంచిది కాదు.

మిగిలినవి ఇవి. కొవ్వు తక్కువగా వున్న వేటమాంసం అరకిలో, పెద్ద ముక్కలుగా. ఉల్లిపాయలు రెండు, పసుపు ఒక చెంచా, మిరియాల పొడి, ఉప్పు, రాజ్మా గింజలు 150 గ్రాములు, ఎండు నిమ్మకాయలు అయిదు. అల్లం వెల్లుల్లి లేవు, కారం లేదు, ధనియాలు లేవు, గరం మసాలా లేదు. చెయ్యి దురద పెట్టినా అవి వెయ్యకండి. ఇందులో ఆకు మాట్లాడాలి, మసాలా కాదు.

ఎండు నిమ్మకాయను పారశీకులు లీమూ అమానీ అంటారు, అంటే ఒమాన్ నిమ్మ. నిమ్మకాయలను ఉప్పు నీటిలో ఉడికించి, లోపల డొల్ల అయ్యేదాకా ఎండలో పెడతారు. పై తొక్క గోధుమరంగుకో నలుపుకో తిరుగుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువే వుండదు. గల్ఫ్ దేశాలలో ప్రతి దుకాణంలోనూ వుంటాయి. మస్కట్ నుంచో దుబాయి నుంచో వచ్చే మీ తమ్ముడికి చెబితే అర్ధకిలో తెచ్చిపెడతాడు, ఏడాది సరిపోతాయి. దొరకకపోతే చివర్లో నిమ్మరసం పిండుకోవచ్చు. పులుపు వస్తుంది గాని ఆ ఎండిన వాసన రాదు.

ఆకు దగ్గరే కూర కుదిరేది

కొత్తగా నేర్చుకునేవాళ్ళు తొందరపడేది ఇక్కడే. ఆకును మట్టి పోయేదాకా నాలుగైదు నీళ్ళలో కడగండి. కొళాయి కింద ఒకసారి పట్టి తీసేస్తే చాలదు. గిన్నె నిండా నీళ్ళు పోసి ఆకును ముంచి కాసేపు కదపకుండా వుంచండి. మట్టి అడుగుకు దిగుతుంది. అప్పుడు ఆకును పైకి తియ్యాలి. గిన్నెను వంచితే అడుగున వున్న మట్టి మళ్ళీ ఆకు మీదికే వస్తుంది.

కడిగిన ఆకును పాత నూలు పంచె మీద పరచి, ఫ్యాను కింద పూర్తిగా తడి ఆరనివ్వండి. ఇరాన్‌లో ముందురోజు రాత్రే ఈ పని చేసుకుంటారు. తడి ఆకును తరిగితే రసం కారి నలిగిపోతుంది. బాణలిలో వేస్తే వేగదు, ఉడుకుతుంది. ఆరిన ఆకును వాడి కత్తితో సన్నగా తరగండి. మిక్సీలో వేస్తే పచ్చడి అవుతుంది. ఇదంతా ఒక్కరు చేస్తే గంట పైన పడుతుంది. ఇరాన్‌లో పూర్వం ఆడవాళ్ళంతా ఆకుల గుట్ట చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ బాగు చేసేవారు. ఇప్పుడు అక్కడ కూడా బాగు చేసి, తరిగి, వేయించి అమ్మే దుకాణాలు వచ్చాయి. మీరు మాత్రం మొదటిసారికి ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టండి.

తరిగిన ఆకును వెడల్పాటి బాణలిలో నూనె వేసి మధ్యస్థంగా వున్న సెగ మీద వేయించాలి. ముందు ఆకు కుప్పలా వుండి భయపెడుతుంది. అయిదు నిమిషాలలో పావు వంతుకు దిగిపోతుంది. అక్కడ ఆపేస్తారు చాలామంది. ఆపకండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు కలుపుతూనే వుండాలి. లేతపచ్చ పోయి ముదురుపచ్చ రావాలి. గరిటెకు అంటుకోకుండా పొడిపొడిగా విడిపోవాలి. పచ్చి వాసన పోయి కమ్మని వాసన రావాలి. మాడితే మాత్రం చేదు, ఇంక బాగుచేసే దారి లేదు. మెంతికూరను చివరి అయిదు నిమిషాలలో వెయ్యండి, అది తొందరగా మాడుతుంది.

రాజ్మాతో ఆటలు వద్దు

ఇప్పుడు డాక్టరుగా చెప్పవలసిన ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. ఎర్రని రాజ్మా గింజలో లెక్టిన్ జాతికి చెందిన ఒక విషపదార్థం వుంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, గంట నుంచి మూడు గంటలలో వికారం, భరించలేని వాంతులు, తరువాత విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా మూడు నాలుగు గంటలలో తగ్గిపోతుంది గాని, చిన్నపిల్లలకూ ముసలివాళ్ళకూ ఒంట్లో నీరు పోయి ప్రమాదం కావచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి వస్తే మాంసం చెడిపోయిందని అనుకుంటారు. గింజను ఎవరూ అనుమానించరు.

మరొక చిక్కు ఏమిటంటే, సగం వేడి పూర్తి పచ్చిదనం కన్నా చెడ్డది. గింజను 80 డిగ్రీల దాకా మాత్రమే వేడి చేసి ఆపితే, ఈ విషం తగ్గకపోగా అయిదు రెట్ల దాకా పెరగవచ్చునని తేలింది. విదేశాలలో మన పిల్లలు పొద్దున్నే అన్నీ ఒక కరెంటు పాత్రలో పడేసి సన్నని వేడి మీద రోజంతా వుంచి ఆఫీసుకు వెళ్ళిపోతారు. స్లో కుక్కర్ అంటారు దాన్ని. నానిన పచ్చి రాజ్మాను నేరుగా అందులో వెయ్యడం మహా ప్రమాదం. గింజ మెత్తబడుతుంది, చూడటానికి ఉడికినట్టే వుంటుంది, విషం మాత్రం లోపలే వుంటుంది. మీ అబ్బాయికో అమ్మాయికో ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

చెయ్యవలసింది కష్టమైన పనేమీ కాదు. గింజలను రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోయండి. కొత్త నీళ్ళు పోసి, కళపెళ మరిగే నీళ్ళలో తక్కువలో తక్కువ పది నిమిషాలు, నన్నడిగితే అరగంట, ఉడకనివ్వండి. ఆ తరువాత సెగ తగ్గించి మెత్తబడేదాకా వుంచండి. మన ప్రెషర్ కుక్కర్ ఈ పనికి దివ్యమైన సాధనం. దానిలోని వేడికి ఆ విషం నిలవదు. ఉడికిన ఈ నీళ్ళు కూడా పారబోసి గింజలు మాత్రం కూరలో వెయ్యండి. డబ్బాలలో అమ్మే రాజ్మా ఉడికినదే కనుక ఆ భయం లేదు, ఉప్పు పోయేటట్టు కడిగితే చాలు. రాజ్మా అంటే మనసు ఒప్పకపోతే బొబ్బర్లు వెయ్యండి. ఇరాన్‌లోనూ కొన్నిచోట్ల వాటితోనే వండుతారు.

జి6పిడి లోపం వున్నవాళ్ళు చిక్కుడు జాతి గింజలు తినరాదని విని భయపడుతూ వుంటారు. వాళ్ళు తినరాని గింజ ఫావా, ఇరానీయులు బాఘలా అనేది. ఇరాన్‌లో బాఘలాతో చేసే పలావు ఒకటి ప్రసిద్ధం. అది వాళ్ళకు నిషిద్ధం. ఘోర్మే సబ్జీలోని రాజ్మా వేరు.

పొయ్యి మీద మూడు గంటలు

ఉల్లిపాయలు సన్నగా తరిగి దళసరి అడుగున్న గిన్నెలో కొద్ది నూనెతో ఎర్రగా వేయించండి. పసుపు, మాంసం వేసి ముక్క అన్ని వైపులా రంగు తిరిగేదాకా వుంచండి. ఆరు గ్లాసుల నీళ్ళు పోసి మరగనిచ్చి, సెగ తగ్గించి, మూత పెట్టి గంట వుంచండి. పైన తేలిన కొవ్వును గరిటెతో తీసివేయండి. అప్పుడు వేయించిన ఆకు, ఉడికిన రాజ్మా వెయ్యండి. మరో గంట సన్నని సెగ మీద వుండాలి.

ఎండు నిమ్మకాయలకు ఫోర్కుతో రెండు మూడు చోట్ల కన్నాలు పెట్టి, పది నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టి, ఆఖరి గంటలో కూరలో వెయ్యండి. మొదటే ఎందుకు వెయ్యకూడదు? రెండు కారణాలున్నాయి. ఎక్కువసేపు ఉడికితే లోపలి గింజల చేదు కూరలోకి దిగుతుంది. మరొకటి, పులుపు తగిలిన పప్పుగింజ మెత్తబడదు. మీరు చింతపండు ముందే పోసి పప్పు ఉడకలేదని విసుక్కున్న రోజు గుర్తు తెచ్చుకోండి. ఉప్పు కూడా చివరనే రుచి చూసి వెయ్యండి. నిమ్మకాయలోనే కొంత వుంటుంది.

ఎప్పుడు దించాలి? ఆకు ఒక పక్క, నీరు ఒక పక్క వుంటే ఇంకా కాలేదు. రెండూ కలిసి చిక్కబడి, అంచుల వెంబడి నూనె తేలాలి. దీన్ని పారశీకంలో జా ఉఫ్తాదే అంటారు. తన చోటులో తాను పడింది అని. మనం కూర కుదిరింది అంటామే, అచ్చం అదే మాట! తొందరగా కావాలని సెగ పెంచితే మాత్రం కుదరదు. మాంసం వరకు ప్రెషర్ కుక్కర్ వాడుకోండి, ఆకు వేశాక మూత తీసి నెమ్మదిగానే ఉడకనివ్వండి.

శాకాహారుల ఇళ్ళలో మాంసం బదులు పెద్ద పుట్టగొడుగులు వేయించి, ఆకుతోపాటు వెయ్యవచ్చు. రాజ్మా రెట్టింపు చేస్తే మాంసకృత్తులకు లోటు వుండదు.

నూనె లెక్క, విటమిన్ల లెక్క

ఆకు నూనెను తాగుతుంది. పాతకాలపు ఇరానీ ఇళ్ళలో ఈ కూరకు కప్పుల లెక్కన నూనె పోసేవారు. పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కాలరీలు వుంటాయి. పోషకాహార సంస్థ రోజు మొత్తానికి చెప్పిన నూనె 27 గ్రాములు. మొత్తం కూరకు ఆరు పెద్ద చెంచాలు వాడితే మనిషికి ఒక చెంచా, అంటే సుమారు 14 గ్రాములు పడుతుంది. రోజు వాటాలో సగం ఇక్కడే అయిపోయిందన్నమాట. కనుక ఆ రోజు అప్పడాలు, వడియాలు, వేపుళ్ళు మానండి. ఆకును నూనె లేకుండా బాణలిలో ముందు పది నిమిషాలు పొడిగా వేయించి నీరు ఇగిరిపోయాక నూనె వేస్తే ఆరు చెంచాలు హాయిగా సరిపోతాయి. నూనె బొత్తిగా లేకుండా చెయ్యడం కూడా తెలివైన పని కాదు. ఆకులోని కెరోటిన్, మన ఒంట్లో విటమిన్ ఎ గా మారేది, కొవ్వు తోడుంటేనే ఒంటికి పడుతుంది.

మూడు గంటలు ఉడికించాక విటమిన్లు ఏం మిగులుతాయని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సి విటమిను దాదాపు పోతుంది. ఫోలేట్ చాలా వరకు తగ్గుతుంది. కెరోటిన్, ఇనుము, కాల్షియం, పీచు పదార్థం మిగులుతాయి. ఆకులోని ఇనుము మామూలుగా ఒంటికి సరిగా పట్టదు. మాంసం దానికి తోడు వుంటే బాగా పడుతుంది. రక్తహీనత వున్నవారికి ఈ జోడింపు మంచిదే. పోయిన సి విటమిను కోసం ఇరానీయులు పక్కన పచ్చి ఆకుల పళ్ళెం పెట్టుకుంటారు. పుదీనా, ముల్లంగి, పచ్చి ఉల్లి, తులసి జాతి ఆకులు. సబ్జీ ఖోర్దన్ అంటారు. అంటే తినే ఆకులు.

ఈ పచ్చి ఆకుల పళ్ళెం దగ్గర మరో హెచ్చరిక. కాస్పియన్ సముద్రం ఒడ్డున గీలాన్ అనే తడి నేల రాష్ట్రం వుంది. 1989లో అక్కడ వేలమందికి ఒకేసారి కాలేయపు పురుగు వ్యాధి వచ్చింది. గొర్రెలకు, పశువులకు కాలేయంలో చేరే చదునైన పురుగు అది. నీటి ఒడ్డున పెరిగే ఆకులను పచ్చిగా తినడం వల్ల మనుషులకు సోకింది. 1999 ప్రాంతంలో మళ్ళీ ఒకసారి విజృంభించింది. ఘోర్మే సబ్జీ వల్ల ఈ బాధ రాదు. మరిగే కూరలో ఏ పురుగూ బతకదు. పచ్చిగా తినే ఆకు మాత్రం ఎక్కడ పెరిగిందో మీకు తెలిసి వుండాలి. మురుగు కాలవల పక్క మళ్ళలో పెరిగిన ఆకును ఎంత కడిగినా పచ్చిగా తినకండి. ఒక నిమ్మచెక్క పిండుకుంటే మీ సి విటమిను మీకు వస్తుంది.

ఎవరు ఆలోచించి తినాలి

గుండెలో కృత్రిమ కవాటం వున్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మాత్రలు వేసుకునేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. ఆ మాత్రలు విటమిన్ కె కు ఎదురుగా పనిచేస్తాయి. పార్స్‌లీలో ఆ విటమిను అపారం. 100 గ్రాములలో సుమారు 1,600 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది వంద మైక్రోగ్రాములకు అటూ ఇటూ. ఈ కూర ఒక్క వడ్డనలో పార్స్‌లీ ఒకటే అంతకు పది రెట్లు ఇస్తుంది. నెలలో ఒకరోజు కడుపు నిండా తిని, మిగిలిన రోజులు ఆకు ముట్టకపోతే మీ ఐ.ఎన్.ఆర్. పరీక్ష పైకీ కిందికీ ఊగిసలాడుతుంది. మందు పని చెయ్యకపోతే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, అది ప్రాణాలకే ముప్పు. అలాగని ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఎంత తిన్నా వారం వారం ఒకే మోతాదులో తినండి, కొత్తగా మొదలుపెట్టే ముందు మీ డాక్టరుతో చెప్పండి. రెండు చెంచాలు రుచి చూసి ఊరుకుంటే మరీ మంచిది. ఇటీవల వచ్చిన అపిక్సబాన్ వంటి కొత్తరకం మాత్రలకు ఈ పట్టింపు లేదు. మీరు వేసుకునేది ఏదో చీటీ చూసి తెలుసుకోండి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి పొటాషియం తగ్గించమని చెబుతారు. ఆకు, రాజ్మా, ఎండు నిమ్మ మూడింటిలోనూ అది వుంది. ఆకు ఉడికిన నీరు కూరలోనే వుండిపోతుంది గనుక వారు దీన్ని మానడమే మంచిది. రాళ్ళు వున్నవారు పాలకూర లేకుండా వండి, పక్కన పెరుగు పెట్టుకుని తినండి. పెరుగులోని కాల్షియం ఆకులోని ఆగ్జలేటును పేగులోనే పట్టి బయటికి పంపుతుంది. ఇరానీ భోజనంలో పెరుగు ఎలాగూ వుంటుంది.

షుగరు వ్యాధి వున్నవారికి ఈ కూర మంచి నేస్తం. పిండిపదార్థం తక్కువ, పీచు ఎక్కువ. చిక్కంతా దాని పక్కన పెట్టే తెల్లని అన్నంతో. ఇరానీయులు బియ్యాన్ని సగం ఉడికించి, వార్చి, ఆవిరి మీద మగ్గబెడతారు. అడుగున నూనెతో కరకరలాడే మాడు కడుతుంది. తహ్‌దీగ్ అని దాని పేరు, అంటే డేగిసా అడుగు. అతిథులు దాని కోసం పోటీ పడతారు. మీరు మాత్రం చిన్న ముక్కతో సరిపెట్టుకుని, అన్నం ఒక కప్పు, కూర రెండు కప్పులు వడ్డించుకోండి. మెంతి వుంది గదా అని మాత్ర మానేయకండి. షుగరు తగ్గిందని పరిశోధనలలో కనబడింది మెంతి గింజల పొడిని రోజూ గ్రాముల లెక్కన తిన్నవారిలో. కూరలో పడ్డ పిడికెడు ఆకు ఆ పని చెయ్యదు.

గర్భిణులు దీన్ని కూరగా తింటే భయం లేదు. పార్స్‌లీ కషాయాలు, పార్స్‌లీ నూనె మాత్రం తాగరాదు. వేరుశనగ పడని వారిలో కొందరికి మెంతి కూడా పడదు, వారు మెంతికూర లేకుండా వండుకోవాలి. ఇక మర్నాడు చెమట, మూత్రం కాస్త తియ్యని వాసన వేస్తే హడలిపోకండి. మెంతిలోని ఒక పదార్థం ఒంటిలోంచి అలా బయటికి వస్తుంది. దానికి పరీక్షలు అక్కరలేదు.

ఈ కూర రెండోరోజుకు ఇంకా రుచి. అందుకని రాత్రంతా పొయ్యి మీదనే మూత పెట్టి వదిలేసేవాళ్ళున్నారు. మాంసం, గింజలు, గోరువెచ్చదనం, ఈ మూడూ కలిస్తే సూక్ష్మక్రిములకు పెళ్ళి భోజనమే. వండిన రెండు గంటలలోగా వెడల్పు గిన్నెలలోకి తీసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పైన తెల్లగా పేరుకున్న కొవ్వును చెంచాతో ఎత్తి పారేయండి, నూనె లెక్క ఇంకా తగ్గుతుంది. కావలసినంత మాత్రమే తీసి మరిగేదాకా వేడి చేయండి. మూడు రోజులు నిలవ వుంటుంది. వేయించిన ఆకును విడిగా పొట్లాలు కట్టి గడ్డకట్టించుకుంటే నెలల తరబడి పాడుకాదు. మళ్ళీ వండాలనుకున్నప్పుడు సగం శ్రమ తగ్గుతుంది.

భోజనం కాగానే ఇరానీయులు టీ తాగుతారు. ఇరానీ హోటళ్ళ పుణ్యాన హైదరాబాదు వాళ్ళకూ ఆ అలవాటు బాగానే అబ్బింది. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆకులో వున్న ఆ కాస్తా కప్పులోనే పోతుంది. రక్తహీనత వున్న ఆడవాళ్ళు, ఎదిగే పిల్లలు ఒక గంట ఆగి తాగండి.